నెట్ పుస్తకమా, రొయ్యల షెడ్డా: పీహెచ్‌డీ వాళ్లకి ఏది మేలు?

ఇండస్ట్రియల్ సైకాలజీలో, అంటే పనిచేసే చోట మనుషుల తీరును చదివే సైకాలజీలో, పీహెచ్‌డీ అంటే కావలిలో మా బంధువులు ఇప్పటికీ "పిచ్చి డాక్టరా?" అనే అడుగుతారు. పక్కనున్న బిట్రగుంటలో ఆ బాధ లేదు. రైల్వే ఊరు కదా, అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష గురించి తెలియని ఇల్లుండదు. ఒక్కో విభాగంలో కనీసం 42 టీ స్కోరు (మిగతా వాళ్లతో పోల్చి వేసే మార్కు) రాకపోతే ఇంటికి పంపేసే ఆ "సైకో టెస్టు" లాంటివి తయారుచేసే చదువయ్యా అంటే వెంటనే అర్థమవుతుంది. "అయితే అయిపోయాక ఏం చేస్తావబ్బయా?" అనే రెండో ప్రశ్న మాత్రం రెండూళ్లలోనూ ఒకటే.

ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు నుంచి తిరుపతి ఎస్వీ యూనివర్సిటీకి గూడూరు మీదుగా రైల్లో తిరిగే తమ్ముళ్లూ చెల్లెళ్లూ నన్ను అదే ఇంకోలా అడుగుతున్నారు. థీసిస్ పని పోగా మిగిలిన టైమును లెక్చరరు అర్హత పరీక్ష నెట్‌కీ, కాలేజీ క్లాసులకీ పెట్టాలా? లేక ఏదైనా కంపెనీలో అడుగుపెట్టి మనుషులు పనిచేసే తీరు చూడాలా?

నెట్ సంగతి ముందు. పీహెచ్‌డీ ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసరుకి నెట్ అక్కర్లేదు కదా అంటారు. నిజమే. కానీ నెట్‌లో పైమార్కుల వాళ్లకిచ్చే రీసెర్చ్ ఫెలోషిప్, జేఆర్ఎఫ్, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. ఇంట్లో చెయ్యి చాపకుండా చదువుకోవడం చిన్న సంగతి కాదు. 30 ఏళ్లు దాటితే, రిజర్వేషన్ వాళ్లకీ ఆడపిల్లలకీ ఉన్న ఐదేళ్ల సడలింపు తప్ప, ఆ తలుపు మూసుకుపోతుంది. 150 ప్రశ్నలు, 300 మార్కులు, మైనస్ లేదు. సిలబస్‌లో మెదడు నుంచి పసిపిల్లల ఎదుగుదల దాకా అన్నీ ఉంటాయి, మన ఇండస్ట్రియల్ సైకాలజీది అందులో ఓ మూల. అందుకే థీసిస్‌లో కూరుకుపోయాక నెట్ చదవడం నరకం.

క్లాసులు చెప్పడం వేరే కథ. రెగ్యులర్ పోస్టు మూల వేతనం 57,700 అని అందరూ ఆశగా చెప్పుకుంటారు. మన రెండు జిల్లాల్లో సైకాలజీకి ఆ పోస్టులెన్ని? దొరికేది ఎక్కువగా బీఈడీ కాలేజీలో ఎడ్యుకేషనల్ సైకాలజీ, ఎంబీఏ కాలేజీలో ఆర్గనైజేషనల్ బిహేవియర్, అదీ గంటల లెక్కన. గెస్టు ఫ్యాకల్టీకి క్లాసుకు 1,500, నెలకు 50,000 మించకుండా ఇవ్వవచ్చని యూజీసీ 2019లో చెప్పింది. నేను క్లాసులు చెప్పిన కాలేజీలో ఆ కాగితం గురించి ఎత్తితే నవ్వారు.

ఇక షెడ్డు. నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే: రీసెర్చ్ స్కాలరుగా వెళ్తే తెరుచుకునే గేటు, డాక్టరేట్ వచ్చాక వెళ్తే తెరుచుకోదు. గైడు సంతకంతో లెటరు పట్టుకుని ఓ రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీకి వెళ్తే, "పిల్లోడు చదువుకుంటున్నాడు, చూడనీ" అని మేనేజరు టీ కూడా ఇప్పించాడు. డిగ్రీ అందుకున్నాక ఇంకో చోటికి వెళ్తే, ఉద్యోగం అడగడానికొచ్చాననుకుని సెక్యూరిటీ దగ్గరే ఆపేశారు. క్లాసులు నలభై ఏళ్లకైనా చెప్పొచ్చు. ఆ గేటు మూడు నాలుగేళ్లే.

లోపల నేర్చుకున్నది ఏ కోచింగూ చెప్పదు. ఒత్తిడిని కొలిచే స్కేలును, అంటే ప్రశ్నల పట్టీని, తెలుగు చేసుకుని వెళ్లాను. పద్ధతి ప్రకారమే చేశాను: ఒకరు తెలుగులోకి మార్చారు, అసలుది చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చారు, రెండూ సరిపోయాయి. మొదటి రోజే, రోల్ కాన్‌ఫ్లిక్ట్‌కి తెలుగుగా పెట్టిన "పాత్ర సంఘర్షణ" దగ్గర ఆగిపోయింది. మంచునీళ్లలో రొయ్యలు ఒలిచి వేళ్లు మొద్దుబారిన ఒక అక్క "పాత్రలు కొట్టుకోవడమేంది సార్, గిన్నెలా?" అంది. షెడ్డంతా నవ్వులు. ఇంటికొచ్చి ఆ వాక్యాన్ని "ఒకరు ఇది చెయ్యమంటారు, ఇంకొకరు అది చెయ్యమంటారు" అని రాసుకున్నాను. మర్నాడు అందరికీ చెప్పుకోవడానికి బోలెడు ఉంది. అంకెలూ అంతే. ఐదు స్థాయిల్లో జవాబు చెప్పమంటే అన్నిటికీ "ఆ, అవును సార్" అనేవాళ్లు. ఐదు చింతపిక్కలు చేతికిచ్చి, ఎంత అనిపిస్తే అన్ని పక్కన పెట్టమంటే తేడాలు బయటపడ్డాయి. గూగుల్ ఫారంలో మూడొందల మంది బ్యాంకు ఉద్యోగుల చేత టిక్కులు పెట్టించిన థీసిస్‌కీ దీనికీ తేడా ఎక్కడుందో వైవాలో మొదటి పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

అయితే అక్కడ ఉద్యోగం ఉందా? సైకాలజిస్టు అనే బోర్డుతో లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షను 500 మంది, అంతకు పైన ఉంటే కార్మికుల బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలంది, 2020 కార్మిక భద్రత కోడు దాన్ని 250కి దించింది. ఆ పోస్టుకి అడిగే అర్హతలు మన డిగ్రీతో కలుస్తాయో లేదో ముందే చూసుకోవాలి. కృష్ణపట్నం రేవులో, నేలటూరు థర్మల్‌లో, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో యజమాని అడిగేది స్కేలు గురించి కాదు: మనుషులు ఎందుకు మానేస్తున్నారు, రాత్రి షిఫ్టులో ఎందుకు తూగుతున్నారు, ఎవర్ని తీసుకుంటే నిలుస్తారు. ఈ మూడో ప్రశ్నకి, అందరినీ ఒకే వరుసలో ఒకే ప్రశ్నలు అడిగి మార్కులేసే ఇంటర్వ్యూ ఇష్టమొచ్చినట్టు మాట్లాడే ఇంటర్వ్యూ కన్నా నయమని 2022లో సైకాలజిస్టు పాల్ సాకెట్ బృందం మళ్లీ లెక్కతేల్చింది. దాన్ని సూపర్‌వైజరుకి తెలుగులో ఒక పేజీలో రాసిచ్చే నేర్పు ఉంటే, బోర్డు లేకపోయినా పని దొరుకుతుంది. నాకు మొదటి డబ్బులు అలాగే వచ్చాయి, జీతంగా కాదు.

మూడో దారి ఒకటుంది, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సర్టిఫికెట్లు. వాటి మీద డబ్బు తగలెయ్యొద్దు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచెయ్యాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు కావాలి, ఆ సర్టిఫికెట్ అది ఇవ్వదు.

కాబట్టి నా వరస ఇది: మొదటి ఏడాదే నెట్ కానిచ్చెయ్యండి, మిగతాదంతా షెడ్డుకి. ఇంట్లో నెలాఖరు గడవని వాళ్లకి, పసిబిడ్డ ఉన్న చెల్లెళ్లకి ఈ లెక్క వర్తించదు. వాళ్లు గంటల క్లాసులే తీసుకోవాలి, నెలకో రెండు రోజులు మాత్రం షెడ్డు కోసం మిగుల్చుకుంటే చాలు. వెళ్లేటప్పుడు చింతపిక్కలు ఎక్కువే తీసుకెళ్లండి, సగం పిల్లలు ఎత్తుకెళ్తారు.