సగం ఉడికిన గేమ్: విడుదల రోజే కొనాలా, ఏడాది ఆగాలా, మోడర్లను నమ్ముకోవాలా?

దసరా సెలవులకు మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మా మేనల్లుడు సంచి కూడా దించకుండా ఫోను నా ముందు పెట్టాడు. "మామా, శుక్రవారం విడుదల. మూడు వేలు. ఇప్పుడే కొనేస్తే ఒక కత్తి ఉచితమట." ఆటలో తిప్పే కత్తి సుమా, వంకాయ తరగడానికి కూడా పనికిరాదు.

వాడు మా మీద బెంగతో వచ్చాడని మా అమ్మ మురిసిపోతోంది. నిజానికి వాడు వచ్చింది నా దుకాణంలోని ఫైబర్ లైను కోసం. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పన్నెండేళ్లు నెట్ సెంటర్ నడిపి, అది మూతపడ్డాక అదే గదిలో కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాను. గేములు ఎలా అమ్ముడవుతాయో, ఎలా చెడిపోతాయో రెండు కాలాల్లోనూ చూశాను. ఆ మూడు వేలు వాడు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టినవి. కాబట్టి "నీ ఇష్టం" అని తప్పించుకోవడం కుదరలేదు.

వాడి దృష్టిలో దారులు రెండే: కొనడం, కొనకపోవడం. నా లెక్కలో నాలుగు. విడుదల రోజే కొనవచ్చు. ఇంకా పూర్తికాలేదని చెప్పి మరీ అమ్మే ఎర్లీ యాక్సెస్ గేమ్ కొనవచ్చు. ఏడాదో రెండేళ్లో ఆగి, ప్యాచ్‌లన్నీ, అంటే తప్పులు దిద్దుతూ కంపెనీ తర్వాత పంపే సవరణలన్నీ, వచ్చాక కొనవచ్చు. లేదా తయారుచేసినవాళ్లు వదిలేసినా మోడర్లు, అంటే గేమ్‌ను మార్చే 'మోడ్లు' సొంతంగా తయారుచేసే అభిమానులు, బాగుచేసిన పాత గేమ్‌ను చవకగా కొనవచ్చు.

మొదటి దారి గురించి మాట్లాడాలంటే సైబర్‌పంక్ 2077 అనే గేమ్‌ను తలచుకోక తప్పదు. 2020 ఏప్రిల్‌లో రావలసింది సెప్టెంబరుకు జరిగింది, అక్కడి నుంచి నవంబరుకు, చివరికి డిసెంబరు 10కి. అక్టోబరులో "అంతా సిద్ధం, ముద్రణకు పంపేశాం" అన్న అర్థంలో ప్రకటించి, ఆ నెలాఖరుకే మళ్లీ వాయిదా వేశారు. సిద్ధమైనదాన్ని మళ్లీ వాయిదా వేయడం ఎందుకో అప్పుడే అనుమానం రావలసింది. విమర్శకులకు ముందుగా ఇచ్చింది కంప్యూటర్ వెర్షన్ మాత్రమే. పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాల మీద అది ఎలా నడుస్తుందో కొన్నవాళ్లే డబ్బు పెట్టి తెలుసుకున్నారు. వారం తిరిగేసరికి సోనీ తన దుకాణం నుంచే గేమ్‌ను తీసేసి, అడిగినవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో.

ఇక్కడ మా వాడు అడ్డం పడ్డాడు. "ఇప్పుడు అది అద్భుతంగా ఉంది కదా మామా!" ఉంది, కాదనను. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 ప్యాచ్ పోలీసుల తీరు నుంచి నైపుణ్యాల వ్యవస్థ దాకా చాలా మార్చేసింది. నేనూ ఆడాను, బాగుంది. కానీ మొదటి రోజు నిండు ధర పెట్టినవాడికి దొరికిన గేమ్, దాదాపు మూడేళ్ల తర్వాత తగ్గింపు ధరకు కొన్నవాడికి దొరికిన గేమ్ ఒకటి కావు. ఎక్కువ ఇచ్చినవాడికి తక్కువ దక్కింది. మన రైతుబజారులో ఉదయాన్నే వచ్చినవాడికి తాజా కూర దొరుకుతుంది, చీకటి పడ్డాక వచ్చినవాడికి వాడినది చవకగా దొరుకుతుంది. ఈ వ్యాపారంలో మాత్రం పొద్దున వచ్చినవాడికే పచ్చి కాయ అంటగడతారు.

వాపసు సౌకర్యం ఉంది కదా అంటారు. ఉంది. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతే డబ్బు తిరిగి వస్తుంది. చిన్న గేములకు ఇది చక్కని నియమం. కానీ మా వాడు కోరుకునే రకం గేముల్లో కథానాయకుడి ముక్కు, గడ్డం దిద్దుకోవడానికే ముప్పావు గంట పడుతుంది. నిజమైన బగ్గులు, అంటే ప్రోగ్రాములోని లోపాలు, ఇరవయ్యో గంట దగ్గర, ముప్పయ్యో గంట దగ్గర కాపు కాసి ఉంటాయి. అప్పటికి వాపసు తలుపు ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది.

ఇంకో ఖర్చు ఉంది. పెద్ద నగరాల్లో ఉండి సమీక్షలు రాసేవాళ్లకు ఇది తట్టదు. సైబర్‌పంక్ కంప్యూటర్‌లో అడిగే చోటు 70 జీబీ. బాల్డర్స్ గేట్ 3 అయితే 150 జీబీ. మా అక్క ఇంట్లో వైఫై లేదు. వాడికున్నది రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోను. పాటలూ వీడియోలూ మానేసి మొత్తం దీనికే ధారపోసినా మొదటిదానికి 35 రోజులు, రెండోదానికి 75 రోజులు. అది గేమ్ దిగడానికే. ఆ పైన వచ్చే ఒక్కో ప్యాచ్ ఒక్కోసారి గేమ్‌లో సగాన్ని మళ్లీ దింపమంటుంది. "ప్యాచ్ ఉచితం" అంటుంది కంపెనీ. డేటా మనది, కరెంటు మనది, మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండకు బస్సు ఛార్జీ మా వాడిది.

అయితే పాత రోజులే మేలని నేను అనను. నెట్ సెంటర్ తొలి రోజుల్లో సీడీలో ఏది వస్తే అదే గేమ్. చివరి ఘట్టంలో ఆగిపోతే ఆగిపోయినట్టే, అడిగే దిక్కులేదు. ఇంకా వెనక్కి వెళితే, 1982లో అటారీ ఒక సినిమా పేరు మీద తెచ్చిన ఈ.టీ. గేమ్‌ను సుమారు ఐదు వారాల్లో తయారు చేయించింది, పండుగ అమ్మకాలకు అందాలని. అమ్ముడుపోని పెట్టెల్లో కొన్నింటిని మరుసటి ఏడాది న్యూమెక్సికోలోని చెత్త గుంతలో పూడ్చారు. 2014లో తవ్వితే నిజంగానే బయటపడ్డాయి. హడావుడి కొత్తది కాదు. అప్పుడు చెడిన గేమ్‌కు గొయ్యి, ఇప్పుడు ప్యాచ్. ఆ మేరకు మనం అదృష్టవంతులమే. తేడా ఏమిటంటే, తర్వాత సరిదిద్దుకోవచ్చన్న ధైర్యం వచ్చాక, ముందే సరిచూసుకోవాలన్న భయం తగ్గిపోయింది.

ఎర్లీ యాక్సెస్ సంగతికి వస్తాను. మన దగ్గర ముహూర్తం దాటిపోతుందని పూత పడని గోడల మధ్యే పాలు పొంగించి గృహప్రవేశం చేసేవాళ్లు ఎందరో. కిటికీలకు రెక్కలు ఉండవు, మెట్లకు పిట్టగోడ ఉండదు, అయినా ఎవరికీ ఫిర్యాదు ఉండదు, ఎందుకంటే ఇంటివాడికి తన ఇల్లు ఎంతవరకు అయిందో తెలుసు. అదే ఇంటిని బిల్డర్ రంగుల బ్రోచరు చూపించి "పూర్తయింది, తాళాలు తీసుకోండి" అని అమ్మితే గొడవ. నా దృష్టిలో ఎర్లీ యాక్సెస్ మొదటిది, సైబర్‌పంక్ విడుదల రెండోది.

బాల్డర్స్ గేట్ 3 తొలి అంకం మాత్రమే 2020 అక్టోబరులో అమ్మకానికి వచ్చింది, అదీ నిండు ధరకే. మిగతాది లేదని ముందే చెప్పారు. ఆడినవాళ్లు చెప్పిన లోపాలు దిద్దుకుంటూ 2023 ఆగస్టులో పూర్తిగా విడుదల చేశారు. హేడీస్‌దీ అదే బాట: 2018 డిసెంబరు నుంచి 2020 సెప్టెంబరు దాకా జనం మధ్యే పెరిగింది. అలాగని ఆ బోర్డు చూసి గుడ్డిగా నమ్మకూడదు. 2023 డిసెంబరులో ది డే బిఫోర్ కూడా ఎర్లీ యాక్సెస్ పేరుతోనే వచ్చింది. నాలుగు రోజులకే దాన్ని తయారుచేసిన స్టూడియో మూసేస్తున్నట్టు ప్రకటించింది. అందుకని మా వాడికి చెప్పింది ఇది: రేపు ఏం చేర్చుతారో చదవకు, ఈరోజు ఉన్నంత వరకు ఆడితే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుందా అని చూడు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. క్రెస్ట్ గేట్ల పని ముగిసింది 1974లో. గేట్లు బిగించకపోయినా కాలువలో పారింది మాత్రం నీళ్లే, నీళ్ల బొమ్మ కాదు.

ఏడాది ఆగడంలో ఒక తిరకాసు ఉంది. ఆగితే బాగుపడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. నో మ్యాన్స్ స్కై 2016 ఆగస్టులో మాట ఇచ్చినవాటిలో చాలా లేకుండానే వచ్చి, అంతులేని తిట్లు తింది. హలో గేమ్స్ అనే ఆ చిన్న బృందం నోరు మూసుకుని పని చేసింది. స్నేహితులతో కలిసి ఆడే సౌకర్యం సరిగ్గా వచ్చింది 2018 జులైలో. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇచ్చిన చేర్పులన్నీ ఉచితమే. ఇదే ఉదాహరణ చూపించి ఇప్పుడు ప్రతి కంపెనీ "మాకూ సమయం ఇవ్వండి" అంటోంది. ఆంథమ్ కూడా అలాగే అంది. 2019 ఫిబ్రవరిలో వచ్చింది, తిరగరాస్తామన్నారు, 2021 ఫిబ్రవరిలో ఆ పని ఆపేశారు, 2025లో సర్వర్ల మూసివేత ప్రకటించారు. ఆగినవాడికి ఇక్కడ గేమ్ దక్కలేదు. కానీ డబ్బు దక్కింది కదా! మొదటి రోజు కొన్నవాడికి రెండూ దక్కలేదు. ఈ ఒక్క లెక్క చాలు నాకు.

ఇక మోడర్లు. వీళ్ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మా వాడి వాదనంతా వీళ్ల మీదే నిలబడింది: "కంపెనీ దిద్దకపోతే మోడర్లు దిద్దుతారు మామా."

దిద్దుతారు, నిజమే. వాంపైర్: ది మాస్కరేడ్ - బ్లడ్‌లైన్స్ 2004 నవంబరు 16న, హాఫ్-లైఫ్ 2 వచ్చిన రోజే వచ్చింది. రెండూ ఒకే ఇంజిన్ (గేమ్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్) మీద కట్టినవి; ఒప్పందం ప్రకారం బ్లడ్‌లైన్స్ హాఫ్-లైఫ్ 2 కన్నా ముందు రాకూడదు. పక్కన అంత పెద్ద పెళ్లి జరుగుతుంటే ఈ చిన్న ఇంటి శుభకార్యానికి ఎవరొస్తారు? పైగా కథ మధ్యలో ముందుకు కదలనివ్వని లోపాలు. కొన్ని నెలలకే దాన్ని చేసిన ట్రోయికా మూతపడింది. ఆ గేమ్‌ను ఈరోజు మనం ఆడగలుగుతున్నామంటే, జర్మనీకి చెందిన ఒక రసాయన శాస్త్రవేత్త జీతం లేకుండా ఏళ్ల తరబడి అనధికార ప్యాచ్‌లు చేస్తూ వచ్చినందుకు. డార్క్ సోల్స్ 2012 ఆగస్టులో కంప్యూటర్‌కు వచ్చినప్పుడు, ఎంత మంచి తెర పెట్టినా లోపల బొమ్మ 1024×720 దగ్గరే గీయబడేది. విడుదలైన రోజే ఒక అభిమాని దానికి విరుగుడు పెట్టాడు.

ఇవి చదివి ముచ్చటపడడం వేరు, వీటిని నమ్ముకుని కొనడం వేరు. 2024 ఏప్రిల్‌లో ఫాలౌట్: లండన్ అనే పెద్ద మోడ్ రావలసి ఉంది. సరిగ్గా ఆ వారంలోనే ఫాలౌట్ 4కు కంపెనీ ప్యాచ్ ఇస్తోందని తెలిసింది, అది మోడ్ల పునాదినే కదిలిస్తుంది కాబట్టి విడుదల ఆపుకున్నారు. మోడ్ వచ్చింది జులైలో. అంటే కంపెనీ చేసిన మరమ్మతు ఉచితంగా పనిచేసేవాళ్ల మెడకు చుట్టుకుంది. దుకాణంలో నాకూ ఇది అలవాటే: నిన్న రాత్రి దాకా చక్కగా నడిచిన గేమ్, తెల్లారేసరికి దానంతట అదే అప్‌డేట్ అయి, ముప్పై మోడ్లలో ఏది తిరగబడిందో తెలియక కుర్రాళ్లు సీపీయూ మోసుకుని వస్తారు. గంట కూర్చుని ఒక్కొక్కటే తీసి చూడాలి. యాభై రూపాయలు ఇస్తారు, అదీ బేరమాడి.

డబ్బు మాట వచ్చింది కనుక, 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ మోడ్లను స్టీమ్‌లో అమ్మకానికి పెట్టారు. తయారుచేసినవాడికి వచ్చే వాటా 25 శాతం. జనం మండిపడితే కొద్ది రోజుల్లోనే ఎత్తేశారు. మోడర్‌కు డబ్బు ముట్టడం తప్పని నేననుకోను. కానీ తన గేమ్‌లోని లోపాలను బయటివాడు దిద్దితే, ఆ దిద్దుబాటు మీద కూడా కంపెనీకి పెద్ద వాటా వచ్చే ఏర్పాటు మాత్రం నాకు మింగుడుపడలేదు. ఇంకొకటి: ప్లేస్టేషన్ లాంటి కన్సోల్ మీద ఆడేవాడికి ఈ దారి చాలా వరకు మూసే ఉంటుంది. ప్లేస్టేషన్ 3లో స్కైరిమ్ సేవ్ ఫైలు (ఆట ఎంతవరకు వచ్చిందో దాచుకునే ఫైలు) పెరిగేకొద్దీ ఆట నత్తనడక నడిచేది. అక్కడ మోడర్ చేయగలిగింది ఏమీ లేదు, కంపెనీ కోసం ఎదురుచూడడం తప్ప.

అందుకని నా వరుస ఇది. ఒంటరిగా ఆడే కథా గేమ్ అయితే ఏడాది ఆగడమే మేలు, సందేహం లేదు. ఎర్లీ యాక్సెస్ రెండోది, పైన చెప్పిన షరతుతో. మోడ్లతో బతికిన పాత గేమ్ మూడోదే అయినా, చేతిలో డబ్బు తక్కువ ఉండి ఓపిక ఎక్కువ ఉన్నవాడికి అదే మొదటిది. ఇరవై ఏళ్ల నాటి గేమ్ మా వాడి పాత ల్యాప్‌టాప్ మీద కూడా ఉరుకుతుంది. విడుదల రోజు కొనడం ఆఖరున. దీనికి ఒక మినహాయింపు ఒప్పుకోవాలి: స్నేహితులంతా కలిసి ఆన్‌లైన్‌లో ఆడేదాన్ని ఏడాది తర్వాత కొంటే, వెళ్లేసరికి మైదానం ఖాళీగా ఉంటుంది. అక్కడ బగ్గులతో సహా అందరితో పాటు దిగడమే సుఖం.

మా వాడికి కావలసింది కథా గేమే. ముఖం ముడుచుకున్నాడు, ఉచిత కత్తి పోతుందని కాసేపు బాధపడ్డాడు, చివరికి బ్లడ్‌లైన్స్ కొన్నాడు. అనధికార ప్యాచ్ ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. మిగిలిన డబ్బు జేబులోనే ఉంది.

పాలమూరులో వాడి స్నేహితుడు మాత్రం శుక్రవారమే ఆ కొత్త గేమ్ కొన్నాడు. రోజూ సాయంత్రం మా వాడు ఫోను చేసి "ఈరోజు ఏం బాగయింది?" అని అడుగుతున్నాడు. నిన్న వచ్చిన ప్యాచ్‌తో గుర్రం నేలలోకి కూరుకుపోవడం ఆగిందట. ఇప్పుడు దాని మీద కూర్చున్నవాడు కూరుకుపోతున్నాడు.