కోడి కూయకముందే లేచేవాళ్లకి: బరంపురం నుంచి కోరాపుట్ దాకా కెమెరాతో

మా బరంపురానికి వచ్చే చుట్టాల్లో ఎవరి మెడలోనైనా కెమెరా ఉంటే వాళ్ల మొదటి ప్రశ్న నాకు ముందే తెలిసిపోతుంది. "ఇక్కడ ఫొటోలకి మంచి చోటేది బావా?" అంటారు. చోటు సంగతి తర్వాత, పొద్దున్న ఎన్నింటికి లేస్తావో ముందు చెప్పు అంటాను. మా దక్షిణ ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడేవాళ్లకి భాషతో పెద్ద ఇబ్బంది ఉండదు. బజార్లో, బస్టాండులో ఎవరో ఒకరు తెలుగువాళ్లు తగులుతూనే ఉంటారు. ఇబ్బందల్లా వెలుతురుతోనే. నడి చలికాలంలో కూడా ఎనిమిదిన్నర దాటిందంటే నీళ్లమీద ఎండ తెల్లగా కొట్టి రంగులన్నీ తినేస్తుంది. అందుకే బస చూసేటప్పుడు ఏసీ, టీవీ, ఉచిత టిఫిను నేను పట్టించుకోను. గది తలుపు తీసిన దగ్గర్నుంచి ఫొటో తీసే చోటికి ఎంతసేపు పడుతుందన్నదే నా లెక్క.

ఆ లెక్కలో అన్నిటికన్నా ముందుండేది మంగళాజోడి. చిలికా సరస్సు అంచున పక్షులకి పేరుపడ్డ ఊరు. ఇది ఖుర్దా జిల్లా, మా గంజాం కాదు. అయినా చిలికా అనగానే నా నోట ముందు ఈ పేరే వస్తుంది. బరంపురం నుంచి భువనేశ్వర్ హైవే మీద బాలుగాం దాటి, టాంగి దగ్గర పక్కకి తిరగాలి. ఒకప్పుడు ఈ ఊళ్లో పక్షుల వేట పెద్ద వ్యాపారం. ఆ వేటగాళ్లే తర్వాత కాపలాదారులయ్యారు, ఇప్పుడు పడవలు నడుపుతూ గైడ్లుగా బతుకుతున్నారు. ఆ తేడా పడవెక్కగానే తెలుస్తుంది. మోటారు ఉండదు, వెదురు గెడతో నెడతారు. గైడు మనకన్నా ముందే పక్షిని చూసి, ఎండ మన వీపు మీద పడేలా పడవని తిప్పుతాడు. నేను నోరు తెరిచి అడగక్కర్లేదు.

రెల్లు మధ్య సన్నటి కాలవలోంచి వెళ్లి బురద మైదానంలోకి తేలాక చూడాలి. పడవ అంచు నీటికి జానెడు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి పక్షి కన్ను, లెన్సు దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. బ్లాక్ టెయిల్డ్ గాడ్విట్లు పొడుగు ముక్కుని కళ్లదాకా బురదలో దించి, తల బయటికి తీసినప్పుడల్లా ముక్కు చివర నుంచి నీటిచుక్క జారుతుంది. ఆ చుక్క ఫొటోలో పడాలంటే షట్టరు వేగం సెకనులో రెండువేలో వంతుకి తగ్గకూడదు. సూదితోక బాతులు, చక్రవాకాలు కొంచెం దూరంలో ఉంటాయి. ఊదారంగు నీటికోళ్లు మాత్రం రెల్లు దుబ్బుల దగ్గర మనల్ని లెక్కచేయకుండా తిరుగుతుంటాయి. వంద నుంచి నాలుగొందల మిల్లీమీటర్ల జూమ్ లెన్సు ఉంటే సరిపోతుంది. ఆరువందల లెన్సు మోసుకొచ్చినవాళ్లు దగ్గరి పక్షి ఫ్రేములో పట్టక విసుక్కోవడం నేను చూశాను.

బస అక్కడి కాటేజీల్లోనే పెట్టుకోండి. అలంకారాలేమీ ఉండవు, దోమలు ఉంటాయి, భోజనం అన్నం, పప్పు, చేపల కూర. కానీ అయిదున్నరకి లేచి ఆరింటికి పడవలో ఉండొచ్చు. బాలుగాంలోనో భువనేశ్వర్‌లోనో మంచి హోటల్ తీసుకుంటే ఆ మొదటి గంట కారులోనే కరిగిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే ఈ వైభవం.

అదే చిలికాకి మా జిల్లా వైపు రంభ. అక్కడి పంథనివాస్ సరస్సు ఒడ్డునే ఉంటుంది. ఒడిశా టూరిజం వాళ్ల బసలన్నిటిలోకీ ఉన్న చోటుని బట్టి నాకిదే నచ్చుతుంది. పక్షుల కోసం కాకుండా కొండలు, నీళ్లు, చేపల పడవల నీడల కోసం రంభ వెళ్లాలి. మోటారు పడవల చప్పుడుకి పక్షులు ఎలాగూ ఆగవు. డాల్ఫిన్ల కోసం చిలికాకి ఇంకో వైపున్న సతపడా వెళ్లినవాళ్ల ఫొటోల్లో నూటికి తొంభై నల్లటి వీపూ, నురగానే. ఇరావడి డాల్ఫిన్ అంత ఎత్తుకి ఎగిరే రకం కాదు మరి. పిల్లలతో సరదాగా వెళ్లండి, కెమెరాని నమ్ముకుని వెళ్లొద్దు.

గోపాలపురం బీచ్ బరంపురానికి పదహారు కిలోమీటర్లు. సాయంత్రం వెళ్తే పల్లీల బండ్లు, సెల్ఫీలు, జనం. పొద్దున్న వెళ్తే జాలరులు. మన శ్రీకాకుళం తీరం నుంచి తరాల కిందట వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. అలివి వల లాగేటప్పుడు ముప్ఫై నలభై మంది రెండు వరసల్లో తాడు పట్టి వెనక్కి నడుస్తుంటే, వైడ్ యాంగిల్ లెన్సుకి అంతకన్నా ఏం కావాలి. నేను తొమ్మిదింటికి కెమెరాతో తిరుగుతుంటే ఒక తాత పిలిచి అడిగేశాడు. "ఏటి బాబూ, ఎండెక్కినాక ఏటి తీస్తావు? రేపు సీకట్నే రా, వల లాగుతాం." మర్నాడు వెళ్లాను. ముందు నాలుగు బారలు తాడు లాగించి, ఆ తర్వాతే ఫొటోలు తియ్యనిచ్చారు. ఎదురుగా సముద్రం మీంచి సూర్యుడు వస్తాడు కాబట్టి మనుషులు నీడబొమ్మల్లా పడతారు. ముఖాలు కావాలంటే నీళ్లలోకి దిగి ఒడ్డు వైపు తిరగాలి. తడిస్తే తడిశారు, లెన్సు తుడిచే గుడ్డ మాత్రం జేబులో ఉంచుకోండి, ఉప్పుగాలికి అయిదు నిమిషాల్లో మసకేస్తుంది. లాడ్జి ఏదైనా పర్వాలేదు, బీచ్ రోడ్డు మీద ఉంటే చాలు.

కొండల వైపు వెళ్లాలంటే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ మంచి దారి. రాత్రి బరంపురంలో ఎక్కితే రాయగడ దాటాక తెల్లవారుతుంది, అక్కణ్నుంచి కోరాపుట్ దాకా సొరంగాలు, లోయలు, వంతెనలు. కిటికీ సీటులో నిద్రపోయేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. విశాఖ, విజయనగరం నుంచి వచ్చేవాళ్లు సాలూరు ఘాట్ మీదుగా కారులో నేరుగా సిమిలిగుడ చేరిపోవచ్చు.

దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. దాదాపు పైదాకా రోడ్డుంది. మేఘాలు లోయలో పాలు పొంగినట్టు నిండి, కొండ కొసలు మాత్రం పైకి కనిపించే ఫొటో కోసమే అందరూ వస్తారు. అది వానలు వెనకబడుతున్న రోజుల్లో, చలి మొదట్లో బాగా దొరుకుతుంది. సూర్యోదయానికి ముప్పావుగంట ముందే పైన ఉండాలి. కోరాపుట్‌లో బస చేస్తే మూడింటికే బయల్దేరాలి, సిమిలిగుడ అయితే కాస్త నయం. నాకు అక్కడ ఒక లాడ్జిలో మంచి అనుభవమే అయింది. రాత్రి కౌంటరు దగ్గర "పొద్దున్న మూడున్నరకి వెళ్లాలి, గేటు తీస్తారా" అంటే "టెన్షన్ పడకండి సార్" అన్నారు. మూడున్నరకి షట్టరుకి తాళం, తాళంచెవి ఉన్న మనిషి ఇంటికెళ్లిపోయాడు, ఫోను స్విచ్చాఫ్. బయట టాక్సీ డ్రైవరు హారను కొడుతుంటే లోపల నేను షట్టరు బాదుతున్నాను. పైకి చేరేసరికి ఎండ బారెడెక్కి మేఘాలు చెదిరిపోయాయి. అప్పట్నుంచి గది చూడకముందే గేటు చూస్తున్నాను. పగలూ రాత్రీ మనిషి ఉండే చోటో, ఎవరింట్లోనైనా హోంస్టేనో అయితేనే దిగుతాను. కొన్నేళ్లుగా చలికాలంలో పుట్సిల్ దగ్గర ఒడిశా టూరిజం వాళ్లు ఎకో రిట్రీట్ టెంట్లు వేస్తున్నారు. ఖరీదెక్కువే. తలుపు తీస్తే మంచు, అది వేరే లెక్క. శని, ఆదివారాలు మాత్రం దేవమాలి జోలికి పోవద్దు. స్పీకర్లూ, చిప్స్ కవర్లూ లేని ఫ్రేము దొరకదు.

దేవమాలి నుంచి దిగేటప్పుడు తొందరపడకండి. అక్టోబరు, నవంబరులో సిమిలిగుడ, పొట్టంగి, నందపూర్ చుట్టుపక్కల వాలుల నిండా వలిసె పూలు. అరకులో ఇవే పూల దగ్గర డబ్బులిచ్చి నిలబడి ఫొటోలు దిగుతారు, ఇక్కడ ఇంకా ఆ హడావుడి రాలేదు. పొలంలోకి దిగకుండా గట్టు మీంచే తీయండి, అది ఎవరిదో నూనెగింజల పంట. లెన్సుకి పోలరైజర్ ఫిల్టరు ఉంటే ఆ పసుపు వెనక ఆకాశం బాగా కుదురుతుంది.

డుడుమా జలపాతం ఎత్తు గొప్పదే, సుమారు 175 మీటర్లు. వానల తర్వాత వెళ్తేనే చూడదగ్గది. మాచ్‌ఖండ్ కరెంటుకి పోయిన నీళ్లు పోగా మిగిలినవే కిందకి దూకేది, ఎండాకాలంలో ఉత్త రాయి కనిపిస్తుంది.

గజపతి జిల్లాలో జీరంగ్ బౌద్ధ మఠం గురించి ఒక్క మాట. 1960ల్లో వచ్చి స్థిరపడ్డ టిబెటన్ల ఊళ్ల మధ్య కట్టిన ఆ మఠాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. బంగారు రంగు శిఖరాలు సాయంత్రం ఎండకి మెరుస్తాయి, కాబట్టి తెల్లవారుజాము నియమానికి ఇది మినహాయింపు. మధ్యాహ్నం మోమోలు తిని తీరిగ్గా చేరొచ్చు. ప్రార్థన మందిరం లోపల అడిగి తీయండి.

రాయగడ జిల్లా చాటికోనలో బుధవారం సంతకి డొంగరియా కొంధు గిరిజనులు నియమగిరి కొండలు దిగి వస్తారు. ఆ ముక్కు పోగులూ, కుట్టుపని శాలువాలూ చూసి చాలామంది లెన్సులతో మీద పడతారు. ఇలాంటి తెగల ఫొటోల మీద ప్రభుత్వ ఆంక్షలు ఉన్నాయి. ఆంక్షలు లేకపోయినా, కూరలు అమ్ముకోడానికి వచ్చినామె మొహానికి అడుగు దూరంలో కెమెరా పెట్టడం ఏం మర్యాద? నేను అక్కడ పసుపు, పైనాపిల్ కొనుక్కుని కెమెరా సంచిలోనే ఉంచేస్తాను.

ఇక రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లకి బుకింగ్ అనేదే కుదరదు. ఫిబ్రవరి, మార్చిలో ఎప్పుడు ఒడ్డెక్కుతాయో వాటి ఇష్టం. 2024లో ఆ సామూహిక రాకే లేదు, మరుసటేడు సుమారు 7 లక్షలు వచ్చి ఇసక కనపడనివ్వలేదు. ఫ్లాష్ వాడకూడదు, అటవీశాఖ వాళ్లు గీసిన హద్దు దాటకూడదు. రాత్రి గుడ్లు పెట్టి తెల్లవారేదాకా ఉండిపోయిన తాబేళ్లు కొన్ని ఉంటాయి, తొలి వెలుతురులో అవే దక్కుతాయి. దూరం నుంచి వచ్చేవాళ్లు బరంపురంలో ఏ లాడ్జిలోనో ఉండి, గంజాం వైపు తెలిసినవాళ్ల ఫోను కోసం కాచుకోవాలి. ఆ రోజులకి రద్దు చేస్తే డబ్బు తిరిగిచ్చే గదే తీసుకోండి.