యూరప్ దారుల్లో మరుగుదొడ్లు, చిల్లర నాణేలు

షుగర్ ఉన్న అమ్మను, మోకాళ్ల నొప్పులున్న నాన్నను నల్లగొండ నుంచి యూరప్‌కు తీసుకువెళ్తున్నామంటే బంధువులందరూ చలి గురించీ తిండి గురించీ జాగ్రత్తలు చెప్పారే గాని, మరుగుదొడ్ల మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దవాళ్లతో తిరిగేటప్పుడు ఒక ఊళ్లో రోజు హాయిగా గడిచిందా లేదా అన్నది చాలావరకు వాటి మీదే ఆధారపడి ఉంటుంది. విజయవాడ హైవే మీద సూర్యాపేటలో టీ కోసం ఆగిన హోటల్లోనే ఆ పని కూడా అయిపోతుంది. జర్మనీ రహదారుల మీద దానికి విడిగా డబ్బు కట్టాలి.

అక్కడి ఆటోబాన్ (హైవే) విశ్రాంతి కేంద్రాల్లో చాలాచోట్ల శానిఫెయిర్ టాయిలెట్లు ఉంటాయి. యంత్రంలో నాణెం వేస్తే చీటీ వస్తుంది, అడ్డుకడ్డీ తిరిగి దారి ఇస్తుంది. 2022 నవంబరు నుంచి రుసుము ఒక యూరో; ఆ చీటీ చూపితే అక్కడి దుకాణంలో కొన్న వస్తువు మీద అంతే తగ్గిస్తారు. మేము ఆగిన ప్రతిచోటా నేల పొడిగా, సబ్బు నిండుగా ఉంది. అమ్మకు అన్నిటికంటే నచ్చినవి ఇవే, నా ఓటు కూడా వీటికే.

ప్యారిస్‌లో కాలిబాటల మీద ఉండే శానిజెట్ అనే మరుగుదొడ్లకు 2006 నుంచి రుసుము లేదు. ఒకరు బయటికి రాగానే తలుపు మూసుకుని లోపలంతా దానంతటదే కడుక్కుంటుంది, ఆ తరువాతే మరొకరు వెళ్లాలి. మర్యాద కొద్దీ తలుపు పట్టుకుని వెనుకవారిని లోపలికి పంపితే ఆ శుభ్రత జరగదు. ఈ ఏర్పాటు మంచిదే అయినా, వరుస పెద్దదైతే కడిగే సమయం కూడా కలిసి షుగర్ ఉన్నవారికి చాలా కష్టమవుతుంది. అందుకే మ్యూజియం నుంచి బయటికి వచ్చేముందే, అవసరం లేదనిపించినా, ఒకసారి వెళ్లి రావడం మేలు. చాలాచోట్ల కాగితమే తప్ప నీళ్లుండవు కనుక చిన్న సీసా వెంట ఉండాలి.

ఇక చిల్లర. హైదరాబాద్‌లో డబ్బు మార్చుకున్నప్పుడు మాకు నోట్లే ఇచ్చారు, యూరోలో అతి చిన్న నోటు 5. అందువల్ల దిగగానే విమానాశ్రయంలోనే నీళ్లో రొట్టో కొని నాణేలు చేసుకోవాలి. యాభై సెంట్లు, ఒక యూరో నాణేలున్న చిన్న సంచిని అమ్మ చేతికే ఇచ్చాము, ఎందుకంటే ఆడవాళ్ల వైపు వెళ్లాక మగవాళ్ల జేబులోని చిల్లర ఆమెకు అందదు. నాణేల ఒక వైపు బొమ్మ దేశానికొక తీరుగా ఉన్నా, యూరో వాడే దేశాలన్నిటిలో అవి చెల్లుతాయి. స్విట్జర్లాండ్‌లో మాత్రం ఫ్రాంకులు, వాటికి వేరే సంచి పెట్టుకోవాలి. తిరిగి వచ్చాక నాణేలను మార్చేవారు దొరకడం కష్టం కనుక, మిగిలినవాటిని విమానం ఎక్కేముందే ఖర్చు చేసేయాలి.