గోదావరి తేమలో ఎక్స్-వింగ్: కొన్ని వానాకాలాలు గడిచాక ఒక సమీక్ష

సముద్రానికి దగ్గరగా, వానాకాలమంతా గోడలు చెమర్చే ఊళ్ళో ఉంటూ సైన్స్ ఫిక్షన్ అంతరిక్ష నౌకల మోడళ్ళు కట్టాలనుకునే వాళ్ళకు నేను మొదట చెప్పే పేరు జపాన్ కంపెనీ బందాయ్ 1/72 ఎక్స్-వింగ్. దీనికన్నా పెద్దవి, ఖరీదైనవి, చూడగానే నోరు తెరిపించేవి చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని నేనూ కట్టాను. అయినా మా గాలికి తట్టుకుని, కట్టిన రోజు ఎలా ఉందో ఇన్నేళ్ళ తర్వాత కూడా దాదాపు అలాగే నిలిచింది ఇదే.

మాది తాళ్ళరేవు. ఒక పక్క యానాం, ఇంకో పక్క కోరంగి మడ అడవి. ఇక్కడి గాలిలో తేమా ఉంటుంది, ఉప్పూ ఉంటుంది. కిటికీ ఊచలకు వేసిన రంగు ఎక్కువ కాలం ఆగదు, పొక్కులు లేస్తుంది. ఆషాఢం రాగానే అల్మరాలోని పుస్తకాలు బూజు వాసన కొడతాయి. కిట్ల మీద వచ్చే సమీక్షల్లో చాలావరకు పెట్టె తెరిచి, ముక్కలు చూపించి, కట్టేసి మార్కులు వేసేస్తారు. రెండు మూడు వానాకాలాలు గడిచాక ఆ మోడల్ ఎలా ఉందో ఎవరూ చెప్పరు. నాకు తెలుసుకోవాలని ఉండేది అదే, అందుకే ఇక్కడ అదే ఎక్కువగా రాస్తున్నాను.

తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో తిరుగుబాటు దళం నడిపే చిన్న యుద్ధ నౌక ఎక్స్-వింగ్. నాలుగు ఇంజన్లు, నాలుగు రెక్కలు. దాడికి దిగేటప్పుడు రెక్కలు విచ్చుకుని, ఎదురుగా చూస్తే ఎక్స్ అక్షరంలా కనిపిస్తాయి. దీని తొలి రూపం తయారు చేసినవాడు కాలిన్ క్యాంట్‌వెల్. గోడ మీది బోర్డుకేసి విసిరే డార్ట్‌ను చూసి ఈ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పాడు. 2022లో కన్నుమూశాడు. కథ ప్రకారం నౌక పొడవు 12.5 మీటర్లు, 72 రెట్లు తగ్గిస్తే సుమారు 17 సెంటీమీటర్లు వస్తుంది. చేత్తో పట్టుకుని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకోవడానికి చక్కగా సరిపోయే సైజు. 2014లో బందాయ్ ఈ సినిమా కిట్లు మొదలుపెట్టినప్పుడు వచ్చిన తొలి మోడళ్ళలో ఇదొకటి. ప్యాకెట్లో ముక్కలతో పాటు పైలెట్ బొమ్మ, వెనక కూర్చునే ఆర్2-డి2 రోబో, స్టాండు, గుర్తులన్నీ ఉన్న డెకాల్ షీటు (నీళ్ళలో నానబెట్టి అతికించే పల్చటి బొమ్మలు), అవే గుర్తులు స్టిక్కర్ల రూపంలో కూడా ఉంటాయి.

కట్టడం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. ముక్కలు రన్నర్ అనే ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని వస్తాయి. నిప్పర్ అనే చిన్న కట్టర్‌తో కత్తిరించి, మిగిలిన మొటిమను బ్లేడుతో చెక్కి, నీటి ఎమరీతో రుద్దాలి. నిప్పర్ మాత్రం మంచిది కొనండి. కరెంటు వైర్లు కోసే కట్టర్‌తో కోస్తే ప్లాస్టిక్ నలిగి, కోసిన చోట తెల్ల మచ్చ పడుతుంది. ఎమరీ ఇక్కడి హార్డ్‌వేర్ షాపులోదే చాలు: 400, 800, 1000 నంబర్లు.

ఈ కిట్‌లో ముక్కలన్నీ జిగురు లేకుండా ఒకదానిలో ఒకటి టక్కున కూర్చుంటాయి. మిగతా చోట్ల దీన్ని సౌకర్యం అనుకుంటారు. మాకు అంతకన్నా ఎక్కువ, ఎందుకంటే సూపర్ గ్లూ గాలిలో తేమ తగిలితేనే గట్టిపడుతుంది. మా ఊళ్ళో శ్రావణ మాసంలో సూపర్ గ్లూ పెట్టి, ముక్క సరిచేసుకునే లోపే పట్టేసుకుంటుంది. పైగా తేమ ఎక్కువైతే ఆ జిగురు ఆవిరి పక్క భాగాల మీద తెల్లటి పొడిలా పేరుకుంటుంది. కాక్‌పిట్ అద్దం లాంటి పారదర్శక ముక్క దగ్గర అలా జరిగితే ఆ ముక్క పోయినట్టే. జిగురు తప్పనిసరి అయిన కిట్లలో అద్దాలకు నేను మామూలు ఫెవికాలే వాడతాను. పూసేది కొబ్బరి ఈనె చివరతో. చీపురు పుల్లంత సన్నగా, కావలసినంత వంపుతో ఉండే పనిముట్టు ఊరంతా ఉచితంగా దొరుకుతుంటే వేరేది కొనడం దేనికి? సూపర్ గ్లూ సీసాను మూత బిగించి, సిలికా జెల్ ప్యాకెట్లతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టాలి. లేకపోతే సగం వాడకుండానే రాయి అవుతుంది.

ఇక రంగులు. ఈ హాబీలో గోదావరి జిల్లాల వాళ్ళకు అసలు పరీక్ష ఇక్కడే.

కిట్ రంగు ప్లాస్టిక్‌తోనే వస్తుంది కాబట్టి రంగు వేయకుండానే బల్ల మీద పెట్టుకోవచ్చు, బాగానే ఉంటుంది. కానీ పైన మెరుపు లేని మ్యాట్ కోటు వేస్తే తప్ప బొమ్మ మెరుపు పోయి నౌకలా కనిపించదు. ఆ మ్యాట్ కోటు, త్వరగా ఆరే ఘాటు ద్రావకంతో వచ్చే లాకర్ రంగులు తేమలో స్ప్రే చేస్తే తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతాయి. కారణం తేలికే. స్ప్రేలోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని నీరు సన్నటి బిందువులుగా చేరి ఆరుతున్న పొరలో ఇరుక్కుంటుంది. తేమను చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి గదిలో ఉంచుకోండి. అది 80 శాతం దాటిందంటే నేను డబ్బా ముట్టుకోను.

అలాగైతే ఎప్పుడు వేయాలి? సంక్రాంతి వెళ్ళాక ఉగాది లోపు, అదీ పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు వరకు. పొద్దున్నే మంచు, సాయంత్రం అయ్యేసరికి కాలువల మీది చల్లగాలి. దాళ్వా కోతలు మొదలైతే ఏప్రిల్‌లో గడ్డి దుమ్ము, సార్వా కోతలప్పుడు నవంబరు, డిసెంబరుల్లో మళ్ళీ అదే దుమ్ము. హార్వెస్టర్ ఊరి చివర తిరుగుతున్నా సరే, తడి రంగు మీద నూగు వచ్చి వాలుతుంది. తొలకరి పడిన సాయంత్రం లైటు వేసుకుని రంగు పని అసలు పెట్టుకోకూడదు. ఉసిళ్ళు లైటు చుట్టూ మూగి, రెక్కలు రాల్చి, ఎటూ తిరిగి తడి ఉన్న చోటే అంటుకుంటాయి.

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి పనిముట్టు) ఉన్నవాళ్ళు కంప్రెసర్ గొట్టానికి నీళ్ళు పట్టే చిన్న గిన్నె బిగించుకోవడం తప్పనిసరి. గాలిని నొక్కి పంపినప్పుడు దానిలోని నీరు బయటికి వస్తుంది. వానాకాలంలో ఆ గిన్నె చూస్తుండగానే నిండుతుంది. అది లేకపోతే రంగు మధ్యలో నీటిచుక్క ఉమ్మినట్టు పడుతుంది. మొత్తం మీద నేను నీటిలో కలిసే అక్రిలిక్‌లకే ఓటు వేస్తాను. స్పెయిన్ కంపెనీ వాలెహో రంగులు బ్రష్‌తో కూడా బాగా పరుచుకుంటాయి, ఇంట్లో వాసన ఉండదు, పిల్లలు తిరిగే గదిలోనూ పని చేసుకోవచ్చు. వానాకాలంలో కాస్త ఎక్కువసేపు ఆరనివ్వాలి, అంతే. మే నెలలో దీనికి పూర్తిగా ఎదురు: రంగు బ్రష్ మొనలోనే ఎండిపోతుంది. అప్పుడు రంగు నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ చుక్క కలుపుకోవాలి.

డెకాల్స్ దగ్గర మా ఊరి ప్రత్యేక సమస్య ఇంకొకటి ఉంది. బోరు నీళ్ళు ఉప్పన. వాటిలో నానబెట్టి అతికిస్తే ఆరిన తర్వాత అంచుల చుట్టూ తెల్ల మరకలు తేలతాయి. మినరల్ వాటర్ టిన్నులోని నీళ్ళు గిన్నెలో పోసుకుంటే ఈ బాధ లేదు. ముందు మెరిసే పూత, అంటే గ్లాస్ కోటు వేసి, దాని మీద డెకాల్ పెట్టి, మెత్తబరిచే ద్రావణం రాసి, చివర్లో మ్యాట్ కొడితే గుర్తు నిజంగా రంగుతో వేసినట్టే ఉంటుంది. గరుకు మ్యాట్ మీద నేరుగా పెడితే కింద గాలి ఇరుక్కుని వెండిలా మెరుస్తుంది. స్టిక్కర్ల జోలికి వెళ్ళకండి. మా తేమలో ఏ కంపెనీ స్టిక్కరైనా అంచులు లేస్తుంది. వాడని డెకాల్ షీటును జిప్ కవర్లో, చదునుగా, పొడిగా దాచాలి. పాతబడి పసుపెక్కిన షీటును కవర్లో పెట్టి ఎండ తగిలే కిటికీ అద్దానికి కొన్నాళ్ళు అంటించి ఉంచితే పసుపు చాలావరకు విరుగుతుంది.

నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది ముదురు వేయడం. అంటే కొత్త నౌకను ఏళ్ళ తరబడి తిరిగిన నౌకలా మార్చడం. మొదటి సినిమా కోసం మోడళ్ళు చేసినవాళ్ళు ట్యాంకులు, కార్లు, విమానాల కిట్ల ముక్కలు తెచ్చి నౌకల ఒంటి నిండా అతికించారు, పైన మసి, మట్టి పులిమారు. అందుకే ఆ నౌకలు పనిచేసే యంత్రాల్లా కనిపించాయి. ఎలా ముదురు వేయాలో నేను ఫొటోలు చూసి నేర్చుకున్న దానికన్నా కాకినాడలో జగన్నాథపురం వంతెన మీద నిలబడి, ఉప్పుటేరులో వరసగా కట్టేసిన చేపల బోట్లను చూసి నేర్చుకున్నదే ఎక్కువ. ప్రతి మేకు కిందా తుప్పు ధార, మేకు దగ్గర చిక్కగా, కిందికి పోయేకొద్దీ పల్చగా. తాడు రాసుకునే చోట రంగు పోయి చెక్క బయటపడుతుంది. మనుషులు చెయ్యి వేసే చోట మెరుపు.

తాళ్ళరేవులో పడవలు కట్టడం పాత వృత్తి. మా వీధిలో ఉండే పడవల మేస్త్రి గారికి ఒకసారి ఈ మోడల్ చూపించాను. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ఇది నీళ్ళ మీద పోయేదా, గాల్లో పోయేదా అమ్మా?"

"గాల్లోనే, మేస్త్రి గారూ. ఇంకా పైన, ఆకాశం దాటి."

"మరి దిగినప్పుడు ఎక్కడో ఓ చోట నిలబెడతారు కదా. నిలబెట్టినప్పుడు కారింది కిందికి కారుద్ది. పోయేటప్పుడు కారింది వెనక్కి పోద్ది. నువ్వన్నీ వెనక్కే గీశావు."

ఆయన చెప్పాక ఇంజన్ల కింద కిందికి దిగే నూనె ధారలు కొన్ని చేర్చాను. అప్పటినుంచి ఏ నౌక మొదలుపెట్టినా, ఇది ఎగిరేది ఎంతసేపు, నిలిచి ఉండేది ఎంతసేపు అని ముందు ఆలోచిస్తాను.

ధారలకు నూనె రంగులు, ఎనామెల్ వాష్ (సందుల్లోకి పారే పల్చటి ఎనామెల్ రంగు) వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. బిగుతుగా కూర్చునే ముక్కల మీద, రంగు గానీ క్లియర్ కోటు గానీ లేని ప్లాస్టిక్ మీద ఎనామెల్ థిన్నర్ పారితే, సందుల్లోకి దిగి ప్లాస్టిక్‌ను చిట్లగొడుతుంది. ముందు అక్రిలిక్ గ్లాస్ కోటు కంచెలా ఉండాలి. రంగు పెచ్చులు లేచినట్టు కనిపించాలంటే ఉప్పు పద్ధతి చాలా బాగుంటుంది: కింద లోహం రంగు వేసి, తడిపి, ఉప్పు చల్లి, ఆరాక పై రంగు వేసి, ఉప్పును రుద్దేయాలి. ప్యాకెట్ల మెత్తటి ఉప్పు కన్నా సంతలో దొరికే కల్లుప్పును కచ్చాపచ్చాగా నలిపితే పెచ్చులు ఒకే కొలతలో లేకుండా సహజంగా వస్తాయి. ఇదీ మాఘ, ఫాల్గుణాల పనే. వానల్లో ఉప్పు జాడీలోనే నీరవుతుంది.

ఇన్నేళ్ళలో ఈ మోడల్ పరిస్థితి చెప్పాలి. రెక్కలు తెరిచి మూసే కీలు ఇప్పటికీ బిగువుగా ఉంది. మా అన్నయ్య కూతురు వచ్చినప్పుడల్లా "అత్తా, రెక్కలు తెరవనా?" అని అడిగి, నేను సరే అనేలోపే తెరిచేస్తుంది. ఆ చేతులకు తట్టుకుందంటే కీలు గట్టిదే. అతుకుల్లో ఎక్కడా సందు రాలేదు. గ్లాసు తలుపుల బీరువాలో, నేరుగా ఎండ పడని గోడకు పెట్టాను కాబట్టి ప్లాస్టిక్ పసుపెక్కలేదు. పాలిస్టైరిన్‌కు ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడవు. బీరువాలో సిలికా జెల్ సంచులు ఉంచాను. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే నీరు నిండినట్టు. నీలం రంగు గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. వేడి చేసి ఆరబెట్టుకోవచ్చు గానీ వంటింటి పెనం మీద మాత్రం వద్దు, దానికో పాత రేకు వేరే పెట్టుకోవాలి.

ధర విషయం కష్టంగానే ఉంది. నేను కొన్నప్పుడే మూడు వేలు దాటింది. మన దేశం బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. ఈ కిట్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. జపాన్‌లో భోజనం ఖర్చు తగ్గించుకుని కొనుక్కునే వస్తువు ఇక్కడ నెల బడ్జెట్ చూసుకుని కొనాల్సి వస్తోంది. స్ప్రే డబ్బాలు మండే సరుకు కాబట్టి విమానంలో రావు, రోడ్డు మీద రావాలి, ఆలస్యమవుతుంది. నాకు ఒక పార్సిల్ వానలో తడిసి, లోపలి డెకాల్ షీటు పైకాగితానికి అతుక్కుపోయి వచ్చింది. కిట్లు తెప్పించేవాళ్ళు జూలై నుంచి నవంబరు వరకు ఆగగలిగితే ఆగండి. ఆగలేకపోతే ప్లాస్టిక్ కవర్ చుట్టి పంపమని అమ్మేవాళ్ళకు ముందే చెప్పండి.

ఇది ఎవరికి నచ్చకపోవచ్చంటే, గంటల తరబడి పుట్టీ పెట్టి, రుద్ది, అతుకు మాయం చేయడంలోనే ఆనందం ఉన్నవాళ్ళకు. వాళ్ళు 1966 నాటి స్టార్ ట్రెక్ ధారావాహికలోని ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకను 1/1000 కొలతలో కట్టి చూడాలి. పొడవు సుమారు 29 సెంటీమీటర్లు. దాన్ని రూపొందించిన మ్యాట్ జెఫ్రీస్ యంత్రాలన్నీ లోపలే ఉంటే మరమ్మతు సులువని, పైభాగాన్ని నున్నగా ఉంచాడు. మోడల్ కట్టేవాళ్ళకు ఆ నునుపే పరీక్ష. ఎక్స్-వింగ్ మీద చిన్న లోపం గీతల్లో, ముక్కల్లో కలిసిపోతుంది. ఎంటర్‌ప్రైజ్ ముందుండే పెద్ద పళ్ళెం లాంటి భాగం మీద పొగమంచు మచ్చ ఒక్కటి పడినా గది అవతలి నుంచి కనిపిస్తుంది. నా దగ్గర ఆ ఎంటర్‌ప్రైజ్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) దాకా వచ్చి ఆగింది. ఇప్పుడు కార్తీకం, మీటరు 86 చూపిస్తోంది. తెల్ల రంగు కనుమ వెళ్ళాకే.