చిరుతలు పట్టిన చేతులతో ఆర్కేయా

పాట వింటూ, తాళానికి సరిగ్గా తెర మీద వేలు వేయాల్సిన ఫోన్ ఆటల్లో ఆర్కేయా ఒకటి. బ్రిటన్‌కు చెందిన లోవిరో సంస్థ దీన్ని 2017లో విడుదల చేసింది. నల్లగొండలో మా ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతున్న మేనల్లుడి ఫోన్‌లో నేను దీన్ని రెండు నెలల క్రితం తొలిసారి చూశాను. చిన్నప్పుడు నకిరేకల్ దగ్గరి మా ఊళ్లో చిరుతల రామాయణం ఆడినవాణ్ని, రాత్రంతా చేతిలో చిరుతలు, అంటే చెక్క చిడతలు, మోగించి కూడా తాళం తప్పనివాణ్ని కాబట్టి, ఈ పిల్లల ఆట నాకొక లెక్కా అనుకుని మొదలుపెట్టాను. మొదటి పాట సగానికి రాకముందే ఆ ధీమా పోయింది.

ఆట తీరు చెప్పడం తేలిక. తెర మీద దూరం నుంచి మన వైపు పరుచుకున్న బాట ఒకటి ఉంటుంది. దాని మీద నాలుగు వరుసల్లో పలకలు జారుతూ వస్తాయి. అవి బాటకు మన వైపు చివరనున్న గీతను తాకిన క్షణంలో నొక్కాలి, పొడవాటి పలక వస్తే అది ముగిసేదాకా వేలు తీయకూడదు. ఇంతవరకు ఇలాంటి ఆటలన్నిటిలోనూ ఉండేదే. ఆర్కేయాలో బాటకు పైన గాలిలో కూడా పలకలు వస్తాయి, వాటితో పాటు నీలం, ఎరుపు రంగుల్లో వంకరలు తిరిగే తీగలు వస్తాయి. నీలం తీగ ఎడమ చేతిది, ఎరుపు తీగ కుడి చేతిది. ఒక చెయ్యి తీగ వెంట పాకుతుండగా రెండో చెయ్యి కింద తాళం వేయాలి. చిరుతలు రెండు చేతులతోనూ ఒకే తాళానికి మోగించిన నాకు, చేతులను ఇలా విడదీసుకోవడానికే మూడు వారాలు పట్టింది.

మార్కుల పద్ధతి నాకు బాగా నచ్చింది. పాట ఏదైనా పూర్తి మార్కులు కోటి, వాటిని పాటలోని పలకలన్నిటికీ సమానంగా పంచుతారు. 500 పలకలున్న పాటలో ఒక్కో పలకకు 20,000 వస్తాయి. సమయానికి నొక్కితే ప్యూర్, కాస్త అటూఇటూ అయితే ఫార్, తప్పితే లాస్ట్. ఫార్‌కు సగం మార్కులే. వీటికి తోడు పక్కన ఒక కొలత పట్టీ ఉంటుంది. పాట ముగిసేసరికి అది 70 శాతానికి చేరితేనే గెలిచినట్టు. నడుమ ఎన్ని తప్పినా పాట చివరిదాకా ఆడనిస్తుంది కాబట్టి కొత్తవారికి ఇది పెద్ద ఊరట.

నేను ఎక్కువగా తడబడింది వేగం దగ్గర. పలకలు మరీ త్వరగా వస్తున్నాయనిపించి సెట్టింగ్స్‌లో వాటి వేగాన్ని తగ్గించాను, ఆట ఇంకా కష్టమైంది. కారణం ఆలస్యంగా అర్థమైంది. ఆ వేగం పాటది కాదు, పలకలు జారే వేగం మాత్రమే. దాన్ని తగ్గిస్తే పాట నెమ్మదించదు, పలకలన్నీ దగ్గరదగ్గరగా ఇరుక్కుని ఏది ముందో ఏది వెనకో తెలియకుండా వస్తాయి. పెంచితే వాటి మధ్య ఎడం పెరిగి విడివిడిగా కనిపిస్తాయి. రోజుకు కొంచెం చొప్పున పెంచుతూ పోయాక, అంతవరకు గజిబిజిగా ఉన్న పాటలు కూడా నాకు చేతికందాయి. అయినా పలక గీతను తాకేదాకా చూసి నొక్కే అలవాటు పోలేదు, అందుకే ఎప్పుడూ ఆలస్యమే. అది గమనించిన మేనల్లుడు ఒకరోజు, "మామా, నువ్వు కండ్లతోని ఆడుతున్నవ్, చెవులతోని ఆడు" అన్నాడు. చిరుతలు పట్టినన్నాళ్లూ నేను చేసింది అదేనని అప్పుడు గానీ గుర్తుకు రాలేదు.

చెవులతో ఆడాలంటే ముందు శబ్దం సమయానికి వినిపించాలి. క్లాక్ టవర్ దగ్గర ఒక దుకాణంలో, ఆలస్యం అస్సలు ఉండదని చెబితే నమ్మి బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కొన్నాను. వాటితో ఆడిన వారమంతా వృథా. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి తరచుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేదే 500 మిల్లీసెకన్లు, అందులో ఐదో వంతు పోతే తాళం ఎక్కడ నిలుస్తుంది? శబ్దాన్ని ముందుకూ వెనక్కీ జరిపి సరిచూసుకునే సదుపాయం ఆటలోనే ఉంది, కానీ ఇంట్లో మూలన పడి ఉన్న పాత తీగ ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాక నాకు దాని అవసరమే రాలేదు.

ఫోన్‌ను చేతుల్లో పట్టుకుని బొటనవేళ్లతో ఆడేకంటే, బల్ల మీద మడతపెట్టిన తువ్వాలు పరిచి దానిపై ఉంచి చూపుడు వేళ్లతో ఆడడం మేలు. గాలిలోని పలకలను అందుకోవడానికి చిన్న తెర ఇబ్బందే. మా ఎండాకాలంలో మధ్యాహ్నం పూట ఆడాలని చూస్తే వేళ్లు చెమటకు అద్దానికి అతుక్కుని తీగ మధ్యలోనే తెగిపోతుంది, ఫోన్ వేడెక్కి పలకలు తడబడతాయి. క్యారమ్ బోర్డు పౌడర్ రాసి చూశాను. అద్దం మసకబారింది తప్ప ప్రయోజనం లేదు.

ఆట దింపుకోవడం ఉచితం. మొదట ఇచ్చే పాటలతో, ఆడుతూ సంపాదించుకునే వాటితో కొత్తవారికి చాలా రోజులు గడుస్తాయి. మిగిలిన పాటల కట్టలను డబ్బు పెట్టి కొనాలి. నేనింకా ఒక్కటీ కొనలేదు. సూచనలు తెలుగులో లేవు, కానీ అంకెలూ రంగులూ తెలిస్తే ఆట సాగుతుంది. పాటలు చాలావరకు మాటల్లేని వేగమైన వాద్య సంగీతం. మన పాటల కోసం వెతికేవారికి నిరాశే.

ప్రతి పాటకూ తేలిక నుంచి కష్టానికి పాస్ట్, ప్రెజెంట్, ఫ్యూచర్ అనే మెట్లున్నాయి. పాస్ట్‌లో నా దగ్గరున్న పాటలన్నీ పూర్తయ్యాయి. ప్రెజెంట్‌లో ఐదో స్థాయి పాట ఒకటి నిన్న రాత్రి 68 శాతం దగ్గర ఆగింది. చివరి ఎర్ర తీగను ఎడమ చేత్తో పట్టుకున్నాను.