ఆసరా పింఛను పంపిణీ: దగ్గరగా చూసిన సంగతులు

మా నాయనమ్మకు తోడుగా రెండేళ్లుగా ప్రతి నెలా వెళ్తున్నాను కనుక, నల్గొండ జిల్లా మునుగోడు ప్రాంతంలోని ఒక తపాలా కార్యాలయంలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఆసరా పింఛను పంపిణీ ఎలా సాగుతున్నదో రాస్తున్నాను. 2014లో వృద్ధులకు నెలకు 1,000 రూపాయలతో మొదలై 2019లో 2,016 రూపాయలకు పెరిగిన ఈ పింఛను ఆమె బీపీ మాత్రలకు, చాయ్‌పత్తాకు, మనవరాలి చేతిలో పెట్టే పది రూపాయలకు ఆధారం. కొడుకు ముందు చెయ్యి చాపకుండా నిలబెట్టేదీ అదే.

లోపమంతా వేలిముద్ర దగ్గరే ఉంది. ఏళ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసి గీతలు అరిగిపోయిన ఆమె బొటనవేలిని యంత్రం గుర్తించదు. పోయిన నెల కొంగుతో తుడుచుకుంటూ ఐదుసార్లు పెట్టినా ముద్ర పడలేదు; మరునాడు పంచాయతీ కార్యదర్శి వచ్చి తన వేలిముద్ర వేస్తేనే డబ్బు చేతికందింది. పంచే ఉద్యోగి మాత్రం ఒక్కసారీ విసుక్కోలేదు, ఆ మాట చెప్పి తీరాలి.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లు కూడా అదే వరుసలో, ఎండలో, కుర్చీ లేకుండా నిలబడతారు. తాగడానికి మంచినీళ్లు ఇవ్వలేకపోయిన సమాజం వాళ్లకు బాకీ పడింది, ఆ బాకీని గౌరవంగా తీర్చడం మనందరి ధర్మం. పథకానికి ఐదుకు ఐదు ఇస్తాను, పంపిణీకి రెండే. కదలలేనివారికైనా పింఛను ఇంటికే తెచ్చి ఇవ్వాలి.