అమెరికాలో ప్రైవేటు జైలు, సర్కారు జైలు: లాభం ఎక్కడ?

డ్రగ్స్ కేసులతో జైళ్లు నిండిపోయాయనగానే అందరూ ప్రైవేటు కంపెనీలనే తిడతారు. కారణం లేకపోలేదు. 1983లో టెన్నెసీలో సీసీఏ (కరెక్షన్స్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా) పేరుతో మొదలైన జైళ్ల కంపెనీ కోర్‌సివిక్, దాని పోటీదారు జీఈఓ గ్రూప్ రోజుకు ఖైదీకింతని ప్రభుత్వం దగ్గర వసూలు చేస్తాయి. అరిజోనాలో కొన్ని ఒప్పందాల్లో ఇంకో మెలిక ఉండేది: ఖైదీలు ఉన్నా లేకున్నా మొత్తం పడకలకూ డబ్బు కట్టాల్సిందే. హోటల్ గది ఖాళీగా ఉన్నా అద్దె కడుతున్నట్టు!

ఖైదీల చాకిరీ సంగతికొస్తే మాత్రం సర్కారు జైలే నాలుగాకులు ఎక్కువ చదివింది. ప్రైవేటు జైళ్లలో ఉన్నది మొత్తం ఖైదీల్లో దాదాపు 8 శాతమే, మిగతావాళ్లంతా సర్కారు జైళ్లలోనే. ఖైదీలతో వస్తువులు తయారు చేయించడానికి 1934లో పెట్టిన ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సంస్థ యూనికార్‌లో చాలాకాలంగా కూలి గంటకు 23 సెంట్ల నుంచి 1.15 డాలర్ల దాకా. టెక్సాస్ రాష్ట్ర జైళ్లలో పొలం పని చేసినా చాలామందికి పైసా రాదు. 1865 నాటి రాజ్యాంగ 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్షగానైతే సరేనంది మరి.

రెండు రకాల జైళ్లకూ మనుషుల్ని పంపినవి అవే డ్రగ్స్ చట్టాలు. 1986లో 5 గ్రాముల క్రాక్‌కూ (పొగలా పీల్చే కొకైన్ గడ్డలు), 500 గ్రాముల కొకైన్ పొడికీ ఒకే కనీస శిక్ష, అయిదేళ్లు! 2010లో క్రాక్ హద్దును 28 గ్రాములకు పెంచారు.

నన్నడిగితే సర్కారు జైలే కాస్త నయం. సమాచార చట్టం కింద లెక్కలైనా అడగొచ్చు, ఆ ఫెడరల్ సమాచార చట్టం ప్రైవేటు కంపెనీకి నేరుగా వర్తించదు. కూలి దగ్గర మాత్రం ఏ జైలునూ వెనకేసుకురాలేను.